ఆదివారం సెలవు ఎలా వచ్చింది

భారతదేశంలో ఫ్యాక్టరీ కార్మికులకు వారానికొక రోజు సెలవు చట్టప్రకారం దక్కింది 1892 జనవరి 1 నుంచి. అంతకు ముందు ఏడాది ఆమోదించిన ఫ్యాక్టరీ చట్టం ఆ రోజు అమల్లోకి వచ్చింది. బొంబాయిలో తొలి నూలు మిల్లు తిరగడం మొదలై అప్పటికి 36 ఏళ్లయింది. ఖాయంగా వచ్చే సెలవు రోజు ఎలా ఉంటుందో తెలియకుండానే ఒక తరం మిల్లుల్లో పనిచేసి వెళ్లిపోయింది. క్యాలెండర్‌లో ఎర్ర అంకెగా కనిపించే ఆదివారం తెల్లవాళ్ల మతం వల్ల మనకు వచ్చిందని చాలామంది అనుకుంటారు. సర్కారు కచేరీల విషయంలో అది నిజమే. దొరలు చర్చికి వెళ్లే రోజున కచేరీలు మూసేవారు. మిల్లుల సంగతి వేరు. అక్కడ ఆదివారం ఎవరి దయవల్లా రాలేదు. కార్మికులు సభలు పెట్టి, సంతకాలు చేసి, వేలిముద్రలు వేసి తెచ్చుకున్నారు.

యంత్రాలు రాకముందు జనానికి విశ్రాంతి లేదని కాదు. తెలుగు పల్లెల్లో ఆ లెక్క వారాలతో కాక తిథులతో నడిచేది. అమావాస్య నాడు రైతు అరక కట్టడు, సాలె మగ్గం గుంటలో దిగడు. చేనేత ఊళ్లలో ఈ ఆచారం చాలాచోట్ల ఇప్పటికీ ఉంది. అమావాస్య నాడు పలుగూ తాపీ పట్టని మేస్త్రీలు నేటికీ కనిపిస్తారు. సంక్రాంతి మూడు రోజుల్లో చివరిదైన కనుమ పశువులది. ఆ రోజు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి పూజిస్తారు. బండి కట్టరు, ప్రయాణం పెట్టుకోరు. కనుమ నాడు కాకైనా కదలదని సామెత. జ్యేష్ఠ పౌర్ణమికి ఏరువాక సాగేదాకా మెట్ట రైతుకు వేసవిలో కొంత తెరిపి ఉండేది. పగటి పనిలోనూ ఒక విరామం ఉండేది. ఎండ ముదిరితే అరక విప్పాల్సిందే, లేకపోతే ఎద్దు పడిపోతుంది. ఎద్దుకు నీడ కావాలి కాబట్టి దున్నే మనిషికీ నీడ దొరికేది.

ఒంటిని చూసుకోవడానికి కూడా రోజులుండేవి. మగవాళ్లకు శనివారం, ఆడవాళ్లకు శుక్రవారం తలంటు అని చాలా ఇళ్లలో వాడుక. పొద్దున్నే నువ్వుల నూనో ఆముదమో మాడుకు పట్టించి, ఒంటికంతా మర్దన చేసి, నూనె ఇంకేదాకా కాసేపు ఎండపొడలో కూర్చోబెట్టేవారు. తర్వాత పెసరపిండితో, శనగపిండితో చేసిన సున్నిపిండి రుద్దేవారు. జిడ్డు పోవడానికి నానబెట్టి పిసికిన కుంకుడుకాయ రసం. చివరగా కాగులో కాగిన నీళ్లు చెంబులతో గుమ్మరించడం, తడి జుట్టుకు సాంబ్రాణి పొగ. ఆ మధ్యాహ్నం కడుపు నిండా తిని పడుకుంటే ఒళ్లు తెలియని నిద్ర పట్టేది. వాగ్భటుడి అష్టాంగహృదయం అభ్యంగనాన్ని దినచర్యలో భాగంగానే చెప్పింది. రోజూ సాగకపోయినా వారానికొకసారైనా జరగాలని ఇళ్లలో పట్టు పట్టేవారు. పేదింట ఆముదం చుక్కతో సరిపెట్టినా తలంటు మానేవారు కాదు.

అంతమాత్రాన ఆ కాలాన్ని స్వర్ణయుగంగా చెప్పుకోవడం అన్యాయం. అమావాస్య నాడు అరక కట్టకపోయినా పాలేరు పశువుల పేడ తీయాల్సిందే, మేత వేయాల్సిందే, నీళ్లు పెట్టాల్సిందే. వెట్టికి పిలుపు వస్తే తిథి చూసి రానని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఇంటిల్లిపాది తలంటుకు నీళ్లు తోడి, పొయ్యి ఊది, కుంకుడుకాయలు కొట్టి రసం తీసిన ఇల్లాలు అందరికంటే చివర, చల్లారిన నీళ్లతో పోసుకునేది. విశ్రాంతి ఆచారంగా ఉండేదే తప్ప హక్కుగా ఉండేది కాదు. ఆచారం ఎవరికెంత వర్తించాలో కులం, ఆస్తి, ఆడా మగా తేడా నిర్ణయించేవి. ఆచారంగానైనా ఉన్న ఆ కాస్త విరామాన్ని మిల్లు ఒక్క దెబ్బతో తుడిచేసింది.

కావస్జీ నానాభాయ్ దావర్ 1854లో స్థాపించిన బొంబాయి స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ మిల్లు 1856లో నడవడం మొదలైంది. తర్వాతి 30 ఏళ్లలో గిర్‌గాం దాటి పరేల్ వైపు పొగగొట్టాలు వరుసగా లేచాయి. రత్నగిరి, సతారా వంటి జిల్లాల నుంచి జనం బతుకుతెరువు కోసం వచ్చి చాల్ గదుల్లో కిక్కిరిసి చేరారు. అప్పటికి మిల్లుల్లో కరెంటు దీపాలు లేవు కాబట్టి తెల్లవారితే పని మొదలు, పొద్దుగూకితే ఆపు. వినడానికి ఇది పొలం పద్ధతిలాగే ఉంటుంది. కానీ పొలంలో ఎండ ముదిరితే అరక విప్పుతారు. మిల్లులో ఎండ ముదిరే వేసవిలోనే పొద్దు పెద్దది, అందువల్ల పని దినమూ పెద్దది. చలికాలంలో 11, 12 గంటలు ఉండే పని వేసవిలో 13 గంటలు దాటేది. మధ్యాహ్నం అరగంట ఆపడం వాడుకే అయినా అన్ని మిల్లులూ దాన్ని ఒకేలా పాటించలేదు. యంత్రం తిరుగుతుండగానే ఒక చేత్తో పోగు అతుకుతూ ఇంకో చేత్తో రొట్టె తినడం, పక్క మనిషికి తన యంత్రం అప్పజెప్పి బయటికెళ్లి నాలుగు ముద్దలు తిని రావడం మామూలు విషయాలు. గాలిలో దూది నుసి, నూలు తెగకుండా ఉండటానికి చేసే తేమ, ఇంజను మోత. వీటన్నిటి మధ్య నిలబడి చేసే పని అది. కూర్చునే వీలు లేదు.

సెలవులు పండగలకు మాత్రమే. కొన్ని మిల్లులు కొన్ని ఆదివారాలు మూసేవి. ఆ రోజు కూడా యంత్రాలు తుడవడానికి, నూనె వేయడానికి మనుషులను పిలిపించేవారు. ఆ శుభ్రం పని ముగించుకుని ఇల్లు చేరేసరికి సగం రోజు గడిచిపోయేది. మిల్లు యజమానులు చెప్పిన వాదన ఒకటి అప్పటి విచారణ నివేదికల్లో పదేపదే వినిపిస్తుంది. ఇక్కడి పనివాడు ఇంగ్లండ్ పనివాడిలా ఒకే బిగిన పనిచేయడు, మధ్యమధ్య బయటికెళ్లి బీడీ తాగుతాడు, నీళ్లకు పోతాడు, కాబట్టి వేరే విరామం అక్కర్లేదు అని. పదమూడు గంటలు నిలబడ్డ మనిషి నీళ్లకు వెళ్లడాన్ని విశ్రాంతి కింద జమకట్టిన లెక్క ఇది.

బొంబాయి ప్రభుత్వం 1875లో మొదటి విచారణ సంఘం వేసింది. సంఘంలో ఎక్కువమంది చట్టం అవసరం లేదన్నారు. సోరాబ్జీ షాపూర్జీ బెంగాలీ అనే పార్సీ సంస్కర్త మాత్రం ఊరుకోలేదు. 1878లో సొంతంగా బిల్లు తయారుచేశారు. చివరికి భారత ప్రభుత్వం 1881లో తొలి ఫ్యాక్టరీ చట్టం చేసింది. అది 100 మంది లేదా అంతకు మించి పనిచేసే, యంత్రశక్తితో నడిచే ఫ్యాక్టరీలకు వర్తించింది. ఏడేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 గంటలు, మధ్యలో గంట విరామం, నెలకు నాలుగు సెలవులు. పెద్దవాళ్ల గురించి, ఆడవాళ్ల గురించి ఒక్క మాట లేదు. ఏడేళ్ల పిల్లవాడితో తొమ్మిది గంటలు పనిచేయించడం సంస్కరణగా లెక్కకొచ్చిన కాలం అది.

ఈ చట్టం వెనుక ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లు యజమానుల ఒత్తిడి ఉందన్నది దాచాల్సిన విషయం కాదు. బొంబాయిలో పని గంటలు ఎక్కువ, కూలి తక్కువ, అందుకే తమ సరుకు పోటీకి నిలవడం లేదని వాళ్ల ఫిర్యాదు. ఈ స్వార్థం కనబడేసరికి మన జాతీయవాద పత్రికల్లో చాలావరకు ఫ్యాక్టరీ చట్టాలనే వ్యతిరేకించాయి. దేశీయ పరిశ్రమను అణచడానికి పరదేశి పన్నిన పన్నాగం అన్నాయి. అనుమానం సకారణమే. కానీ ఆ అనుమానం పేరుతో సొంత దేశపు కూలీల అలసటను పక్కన పెట్టడం ఆనాటి నాయకత్వం చేసిన పెద్ద తప్పు. లాంకషైర్‌కు లాభమని చెప్పి పరేల్‌లో మనిషికి నిద్ర కూడా వద్దనడం ఏ దేశభక్తి లెక్కలోనూ ఇమడదు.

ఆ లోటు పూడ్చినవాడు నారాయణ మేఘాజీ లోఖండే. 1848లో పుట్టిన లోఖండే బొంబాయి మాండ్వీలోని మిల్లులో స్టోర్‌కీపర్‌గా పనిచేశాడు కాబట్టి మిల్లు లోపలి సంగతులు ఎవరో చెబితే తెలుసుకోవాల్సిన అవసరం అతనికి లేదు. జోతిబా ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజంలో ముఖ్యుడు. 1880 నుంచి ‘దీనబంధు’ పత్రిక నడిపాడు. బొంబాయిలో సత్యశోధక సమాజానికి డబ్బుతో, మనుషులతో అండగా నిలిచినవారిలో కామాఠీపురా ప్రాంతపు తెలుగు కాంట్రాక్టర్లు కూడా ఉన్నారు. నగరంలో భవనాలు కట్టడానికి తెలుగు నేల నుంచి వలస వెళ్లినవాళ్ల సంతతి వారు.

1884లో ప్రభుత్వం మరో విచారణ సంఘం వేసినప్పుడు లోఖండే సెప్టెంబరులో పరేల్‌లో కార్మికుల సభ పెట్టాడు. అక్కడ తయారైన మహజరు మీద సుమారు 5,500 మంది సంతకాలు పడ్డాయి. అందులో అడిగినవి గొంతెమ్మ కోరికలు కావు. ప్రతి ఆదివారం సెలవు. మధ్యాహ్నం అరగంట విరామం. పొద్దున ఆరున్నరకు మొదలై పొద్దుగూకేసరికి ముగిసే పని. ఒక నెల జీతం మరుసటి నెల 15వ తేదీలోపు. యంత్రంలో చెయ్యో కాలో నలిగితే కోలుకునేదాకా ఆదుకోవడం. ఈ కోరికలన్నీ తీరినా పని దినం ఇంకా 11 గంటలకు పైగానే ఉంటుంది. అంత తక్కువ అడిగినా అప్పటికి దక్కలేదు.

మహజర్లు ఆగలేదు. 1890 ఏప్రిల్ 24న బొంబాయి మహాలక్ష్మి మైదానంలో జరిగిన సభకు సుమారు 10,000 మంది వచ్చారు. ఇద్దరు మహిళా కార్మికులు లేచి మాట్లాడారు. నూలు చుట్టే విభాగాల్లో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. తెల్లవారుజామున ఇంటి పని, పగలంతా మిల్లు పని, రాత్రి మళ్లీ ఇంటి పని వాళ్లది. వారానికొక రోజు కావాలని అందరికంటే గట్టిగా అడగవలసినవాళ్లు వాళ్లే. ఆ కాలంలో పదివేల మంది ముందు నిలబడి మాట్లాడటానికి ఎంత గుండె కావాలో ఊహించవచ్చు. మిల్లు యజమానుల సంఘానికి మహజరు పంపారు. 1890 జూన్ 10న యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. చట్టం కంటే ముందే ఇది జరిగింది.

ఆదివారమే ఎందుకు అడిగారన్నదానికి జవాబు చర్చిలో కాక జెజూరి కొండ మీద దొరుకుతుంది. మిల్లు కార్మికుల్లో ఎక్కువమంది ఆ కొండ మీద వెలసిన ఖండోబా భక్తులు. ఖండోబాకు ప్రీతికరమైన రోజు ఆదివారం. తెలంగాణలో మల్లన్నగా కొలిచే దేవుడికి ఖండోబా దగ్గరివాడు. కొమురవెల్లి మల్లన్న జాతర ఆదివారాల్లోనే సాగడం వెనుక ఉన్నదీ అదే సంప్రదాయం. దేవుడి పనితో పాటు ఊరి వ్యవహారాలు, పెళ్లి సంబంధాలు, కులపంచాయితీలు, సత్యశోధక సభలు, అన్నిటికీ ఒక రోజు కావాలి. వారంలో ఆరు రోజులు యజమానికి పనిచేసేవాడు ఏడో రోజు తన సమాజం కోసం పనిచేయాలన్నది లోఖండే ఉద్దేశం. విశ్రాంతి అంటే కాళ్లు చాపుకుని పడుకోవడం ఒక్కటే కాదని ఆయన గ్రహించాడు. తన సమయం మీద మనిషికి అధికారం ఉండాలన్నది అసలు సంగతి.

1890లోనే ఏర్పడిన కేంద్ర ఫ్యాక్టరీ కమిషన్‌కు బొంబాయి తరఫున లోఖండే సహాయపడ్డాడు. దాని ఫలితమే 1891 చట్టం. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలకూ అది వర్తించింది. అందరికీ వారానికొక సెలవు, మధ్యాహ్నం 12కూ 2కూ మధ్య అరగంట విరామం వచ్చాయి. స్త్రీలకు రోజుకు 11 గంటల హద్దు, అందులో గంటన్నర విరామం. పిల్లల కనీస వయసు తొమ్మిదేళ్లు, పని ఏడు గంటలు. మగవాళ్లు రోజుకు ఎన్ని గంటలైనా చేయవచ్చు, దానికి హద్దు లేదు. లోఖండే 1897 ఫిబ్రవరిలో ప్లేగు సోకి చనిపోయాడు. ప్రభుత్వం 2005లో ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది.

సెలవు వచ్చాక పని దినం నిడివి పెరిగింది. 1900 తర్వాత మిల్లుల్లోకి కరెంటు దీపాలు వచ్చాయి. పొద్దుగూకితే ఆగే పని ఇక ఆగనక్కర్లేదు. వ్యాపారం బాగున్న 1905 ప్రాంతంలో బొంబాయి మిల్లులు 14, 15 గంటలు నడిచాయి. కార్మికులు తిరగబడ్డారు. దీపం వెలిగితే చదువు వస్తుందని అనుకునే దేశంలో ఆ దీపమే వేలమంది నిద్రను తినేసింది. 1907-08లో పనిచేసిన ఫ్యాక్టరీ లేబర్ కమిషన్‌లో మద్రాసు నుంచి డాక్టర్ టి.ఎం. నాయర్ సభ్యుడు. పెద్దవాళ్ల గంటలకు నేరుగా హద్దు పెట్టనక్కర్లేదని మిగతావారు చెబితే, వైద్యుడైన నాయర్ విడిగా అసమ్మతి రాశాడు. చివరకు ఆయన కోరిన దారిలోనే 1911 చట్టం బట్టల మిల్లుల్లో మగవాళ్ల పనికి 12 గంటల హద్దు పెట్టింది. తర్వాత జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకడిగానే ఆయనను గుర్తుపెట్టుకున్నారు. కార్మికుల పక్షాన రాసిన ఆ అసమ్మతి పత్రం అంతకంటే తక్కువదేమీ కాదు.

బ్రిటిష్ పాలనలోని తెలుగు జిల్లాలకు అప్పటి రాజధాని మద్రాసు. అక్కడ పెరంబూరులో బిన్నీ కంపెనీ నడిపిన బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల్లో గొడవ మొదలైంది మధ్యాహ్నం అన్నం దగ్గర. పని పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా, మధ్యలో అరగంట. ఆ అరగంటలోనే యంత్రం వదిలి బయటికి రావాలి, చేతులు కడుక్కోవాలి, తెచ్చుకున్న సద్ది తినాలి, కూత వినపడేలోగా మళ్లీ లోపల ఉండాలి. వేల మంది ఒకేసారి బయటికొచ్చే చోట ఇది తినడం కాదు, మింగడం. పెరంబూరు వ్యాపారులు జి. సెల్వపతి చెట్టి, జి. రామానుజులు నాయుడు నడిపే భక్తి సభకు వచ్చే కార్మికులు అక్కడ తమ కష్టాలు చెప్పుకునేవారు. ఆ మాటల్లోంచే 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. బి.పి. వాడియా అధ్యక్షుడయ్యారు. దేశంలో క్రమపద్ధతిలో నడిచిన తొలి కార్మిక సంఘంగా చరిత్రకారులు దీన్నే చెబుతారు. వాడియా మొదట పట్టుకున్నవాటిలో ఈ భోజన విరామం ఒకటి. దాన్ని కొన్ని నిమిషాలు పెంచడానికి ఎన్నో సభలు, ఎన్నో ఉత్తరాలు పట్టాయి. జీతం పెంపు కంటే ముందు అన్నం నిదానంగా తినే వ్యవధి అడిగారంటే పరిస్థితి అర్థమవుతుంది.

1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడి, తొలి ఒడంబడికగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల సూత్రం పెట్టింది. భారత్‌కు మాత్రం ప్రత్యేక నిబంధన రాశారు. ఇక్కడ వారానికి 60 గంటల హద్దు చాలునన్నారు. వలస దేశపు కార్మికుడి ఒళ్లు వేరే ఉక్కుతో చేసినట్టు ఆ తేడా అంతర్జాతీయ పత్రంలోనే చోటుచేసుకుంది. వారపు సెలవు గురించిన 1921 ఒడంబడిక ప్రతి ఏడు రోజుల్లో వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలంది. భారత్ దాన్ని 1923లో ఆమోదించింది. మద్రాసు సముద్ర తీరాన సింగారవేలు చెట్టియార్ దేశంలోనే తొలి మే డే జరిపిందీ ఆ ఏడాదే. 1922 చట్టం రోజుకు 11, వారానికి 60 గంటల హద్దు తెచ్చింది. 1934 చట్టం ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో దాన్ని రోజుకు 10, వారానికి 54కు తగ్గించింది.

తెలుగు జిల్లాల్లో ఎక్కువమందికి ఆ తగ్గింపు అందలేదు. కారణం చట్టంలోని ఒక నిర్వచనం. పత్తి జిన్నింగు, ప్రెస్సింగు, వేరుశనగ కాయ వలిచే మిల్లులు, చక్కెర, బెల్లం తయారీ వంటివాటిని 1934 చట్టం సీజనల్ ఫ్యాక్టరీలు అంది. వాటికి రోజుకు 11, వారానికి 60 గంటలు అలాగే ఉంచింది. గుంటూరు, ఆదోని ప్రాంతాల పత్తి మిల్లులు, రాయలసీమ వేరుశనగ మిల్లులు ఈ లెక్కలోకే వచ్చాయి. పంట చేతికొచ్చిన నాలుగైదు నెలలే పని కాబట్టి ఎక్కువ గంటలు చేస్తే తప్పేంటన్నది వాదన. మిగతా నెలల్లో ఆ కూలీలు పొలాల్లో వంగి ఉండేవారని ఆ వాదనకు గుర్తు రాలేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల నాయకుడిగా, 1927లో జెనీవా కార్మిక సదస్సుకు ప్రతినిధిగా వెళ్లి, తర్వాత మద్రాసు రాష్ట్ర కార్మిక మంత్రిగా పనిచేసిన వి.వి. గిరి ఈ తరంలో తెలుగు గొంతు.

తెలంగాణ ఉన్న నిజాం రాజ్యంలో మాత్రం వారపు సెలవు శుక్రవారం. కచేరీలూ బడులూ ఆ రోజు మూసేవారు. 1948లో హైదరాబాద్ భారత్‌లో కలిశాక అది ఆదివారానికి మారింది. పాతబస్తీలో శుక్రవారం మూసే దుకాణాలు ఇంకా ఉన్నాయి.

దుకాణాలు, హోటళ్లు, సినిమా హాళ్ల పనివాళ్లకు 1942 దాకా దేశవ్యాప్త చట్టమేదీ లేదు. ఆ ఏడాది వారపు సెలవుల చట్టం వచ్చింది. అదే ఏడాది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. ఆయన పదవిలో ఉన్న నాలుగేళ్లలో వచ్చిన మార్పులు అంతకు ముందు 40 ఏళ్లలో రాలేదు. 1945 సవరణ ఏడాదికి పది రోజుల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. అప్పటిదాకా సెలవంటే ఆ రోజు కూలి పోవడమే. కడుపు మాడ్చుకుని తీసుకునే విశ్రాంతి అది. 1946 సవరణ ఏడాదంతా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల హద్దు తెచ్చింది. బొంబాయిలో ఆదివారం కోసం మహజరు రాసిన నాటి నుంచి ఇక్కడికి రావడానికి 62 ఏళ్లు పట్టింది.

స్వతంత్ర భారతం 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టం ఇవన్నీ ఒకచోట చేర్చింది. అందులో గంటల లెక్క అందరికీ తెలిసిందే. వారానికి 48, రోజుకు 9, ఐదు గంటలు దాటకుండా కనీసం అరగంట విరామం, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి, 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు. అంతగా ఎవరూ చెప్పుకోని సెక్షన్లు ఇంకా ఆసక్తికరమైనవి. చేతులు, ఒళ్లు కడుక్కోవడానికి చోటు ఉండాలి. నిలబడి పనిచేసేవాళ్లకు అవకాశం దొరికినప్పుడు కూర్చోవడానికి ఆసనాలు ఉండాలి. 150 మందికి మించితే విశ్రాంతి గది, నీళ్లతో భోజనాల గది. 250 మందికి మించితే క్యాంటీన్. సెలవు రోజున పని చేయించుకుంటే బదులు సెలవు. మనిషికి ఒళ్లు ఉంటుంది, దానికి అలుపు వస్తుంది, ఆకలి వేస్తుంది, మురికి పడుతుంది అన్న ఎరుక ఈ సెక్షన్ల నిండా ఉంది. పెరంబూరులో సద్ది మింగి పరుగెత్తినవాళ్లకు ఇది ఆలస్యంగా వచ్చిన జవాబు.

దుకాణాల చట్టం రాష్ట్రాల చేతిలో పెరిగింది. 1947 నాటి మద్రాసు చట్టం, తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు 1966లో ఒకటి, దాని స్థానంలో 1988లో మరొకటి వచ్చాయి. వారానికొక రోజు దుకాణం మూయడం ఊళ్లలో వాడుకైంది ఈ చట్టాల వల్లే. ఒక్కో పట్టణంలో ఒక్కో బజారు వారంలో ఒక్కో రోజు మూసేవారు. ఐటీ కంపెనీలు వచ్చాక పని గంటల సెక్షన్ల నుంచి వాటికి ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. మాల్స్, సూపర్ మార్కెట్లు ఏడాదంతా తెరిచే ఉంటున్నాయి. పనివాళ్లకు సెలవు వంతులవారీగా ఇస్తారు. చట్టానికి అది సరిపోతుంది. కానీ భర్తకు మంగళవారం, భార్యకు గురువారం, పిల్లలకు ఆదివారం సెలవైన ఇంట్లో అందరూ కలిసి కూర్చుని అన్నం తినే రోజు వారంలో లేనట్టే. లోఖండే అడిగింది ఏదో ఒక రోజును కాదు, అందరికీ ఒకటే రోజును. ఆ పట్టుదలలో ఎంత వివేకం ఉందో ఇప్పుడు తెలుస్తోంది.

2025లో గంటల లెక్క మళ్లీ చర్చకు వచ్చింది. ఆ జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవడానికి అనుమతించి, వారానికి 48 గంటల హద్దును అలాగే ఉంచింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం కూడా రోజువారీ హద్దును 10 గంటలకు పెంచే సవరణలకు అదే ఏడాది ఆమోదం తెలిపింది. వారం మొత్తం మీద పెరగలేదు కదా అని సర్దిచెప్పుకోవడం సులువు. 1905లోనూ వారపు సెలవు ఉంది. అలసట వారం చివర తూకం వేసి చెల్లించేది కాదు, ప్రతి రాత్రీ తీరాల్సింది.

ఇంట్లో మాత్రం ఆదివారం ఇప్పటికీ ఆడవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ పని ఉన్న రోజు. మాంసం కూర, తలంట్లు, వారం బట్టలు అన్నీ ఆ రోజే. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు అందులో గడిపితే, ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు గడిపారు. ఈ పనికి సెలవు ఇచ్చే యజమాని లేడు. ఇంట్లోవాళ్లే పంచుకోవాలి. మహాలక్ష్మి మైదానంలో లేచి మాట్లాడిన ఆ ఇద్దరు స్త్రీలు మిల్లు నుంచి ఒక రోజు తెచ్చుకోగలిగారు. ఇంటి నుంచి తెచ్చుకోలేకపోయారు.

పొలం కూలీలు ఫ్యాక్టరీల, దుకాణాల చట్టాల పరిధిలోకి రారు. నాట్ల కాలంలో, కోతల కాలంలో వాళ్లకు ఆదివారమనే లెక్క లేదు, కూలి దొరికిన రోజే పని రోజు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు వారానికొక పూట సెలవు కూడా యజమానురాలి మనసు మీద ఆధారపడి ఉంది. వారి కోసం ప్రత్యేకంగా కేంద్ర చట్టమేదీ రాలేదు. ఇళ్లలో పనిచేసేవారికి ప్రతి వారం వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒడంబడిక చేసింది. భారతదేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.